అడిగేది అక్కడి రేవులో, ఇచ్చేది విశాఖ ఆఫీసులో

ప్రశ్న: నమస్కారమండీ. విశాఖలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో పదకొండేళ్ళుగా డాక్యుమెంటేషన్ చూస్తున్నాను. ఇల్లు గాజువాక. 2025లో అమెరికా సుంకాలు పెరిగినప్పట్నుంచి మా ఎండీ గారు కొత్త దేశాల వెంట పడ్డారు. ఒక దేశంలో ప్రభుత్వ స్టోర్లకి సరఫరా చేసే ఆర్డరు వచ్చేలా ఉంది. అక్కడి ఏజెంటు 11 శాతం కమీషన్ అడుగుతున్నాడు. మేం ఎక్కడా మూడు శాతం దాటి ఇవ్వలేదు. అందులో సగం తన పేరు మీద కాకుండా మూడో దేశంలో ఉన్న ఇంకేదో కంపెనీ ఖాతాకి పంపాలట. ఈలోగా ట్రయల్‌గా పంపిన మొదటి కంటైనర్ అక్కడి రేవులో తొమ్మిది రోజులుగా ఆగిపోయింది. "రెండు వేల డాలర్లు పడేస్తే సాయంత్రానికి బయటికొస్తుంది" అని ఏజెంటు వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు. ఆ రెండు వేలూ, కమీషన్ అడ్వాన్సూ కలిపి "మార్కెట్ సర్వే ఖర్చులు" అని రాసి, బ్యాంకు కాగితాల మీద నన్ను సంతకం పెట్టమంటున్నారు ఎండీ గారు. విదేశీ అధికారికి ఇస్తే మన చట్టం పట్టుకోదని, అమెరికాలో ట్రంప్ కూడా విదేశీ లంచాల చట్టాన్ని పక్కన పెట్టేశాడని అంటున్నారు. ఆయన చెడ్డవారు కాదు. మా నాన్నకి స్టెంట్లు వేసినప్పుడు అడక్కుండానే రెండు లక్షలు సర్దారు. ఆయనకి కాదని ఎలా చెప్పను? చెప్పకపోతే నాకేమవుతుంది? గత ఏడాది ఇంగ్లండ్‌లో చిన్న సేల్స్ ఆఫీసు కూడా పెట్టాం, అదీ రాయాలనిపించింది. నిద్ర పట్టడం లేదు. పేరు వేయొద్దు.

సమాధానం: అమ్మా, ముందు నిద్ర సంగతి. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇది తేలిపోతే సగం టెన్షన్ పోతుంది. మిగతా సగం గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం.

నేనూ మీ పనే చేశాను. పోర్టు ఏరియాలో పాతికేళ్ళు ఇన్వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, బీఎల్‌లు (ఓడవాళ్ళిచ్చే సరుకు రసీదులు), హెల్త్ సర్టిఫికెట్లు. ఒకసారి నేనూ ఇచ్చాను. నేనంటే కంపెనీ డబ్బే, కానీ పుస్తకంలో రాసిన చెయ్యి నాది. వన్నామై రొయ్యల కంటైనర్ ఒకటి ఒక దేశపు రేవులో ఆగింది. హెల్త్ సర్టిఫికెట్‌లో రొయ్య శాస్త్రీయ నామం "లిటోపీనియస్ వన్నామై" అని ఉంది. మా ప్యాకింగ్ లిస్టులో "పీనియస్ వన్నామై" అని పడింది. రెండూ ఒకే రొయ్య, పాత పేరూ కొత్త పేరూ అంతే. అక్కడి అధికారి మాత్రం "ఇవి రెండు వేరే జీవాలు, మీ కాగితాలు అబద్ధం" అన్నాడు. పదిహేను వందల డాలర్లు ఇచ్చాం. రెండు గంటల్లో ఆ రెండు జీవాలూ ఒకటైపోయాయి.

తర్వాతి కంటైనర్‌కి కాగితాల్లో అక్షరం తేడా లేదు. అయినా రెండున్నర వేలు అడిగారు. నాలుగోదానికి వేరే అధికారి వచ్చి "నేనూ ఉన్నాను కదా" అన్నాడట. మనం ఒక ఇబ్బంది తీర్చుకున్నాం అనుకున్నాం. వాళ్ళు మాత్రం విశాఖ నుంచి వచ్చే డబ్బాకి ఒక రేటు ఉందని రాసిపెట్టుకున్నారు.

నేను దాన్ని "ఇతర పోర్టు ఛార్జీలు" అని రాశాను. ఏడాదిన్నర తర్వాత ఒక పెద్ద కొనుగోలుదారు తరఫున ఆడిటర్ వచ్చాడు. ఫ్రీజర్లూ వర్కర్ల గ్లవ్స్ చూడ్డానికే వచ్చాడనుకున్నాం. మధ్యాహ్నం లెడ్జర్ అడిగాడు. వేలు ఆ లైను మీద ఆగింది. "దీనికి బిల్లేది?" అన్నాడు. వెతికి పంపిస్తానన్నాను. ఏసీ గదిలో నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఆయన పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి పేజీ తిప్పేశాడు. ఆరు నెలలకి ఆ ఆర్డర్లు తగ్గి, తర్వాత ఆగిపోయాయి. దానికీ ఆ టిక్కుకీ సంబంధం ఉందో లేదో నాకెవరూ చెప్పలేదు. ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఇక మీ ఎండీ గారి మాటలు చూద్దాం. "మన చట్టం పట్టుకోదు" అన్నదాంట్లో సగం నిజముంది. మన అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది. అందులో పబ్లిక్ సర్వెంట్ అంటే మన దేశపు ఉద్యోగే. 2018 సవరణతో లంచం ఇచ్చేవాడికీ ఏడేళ్ళ దాకా జైలు పెట్టారు. కంపెనీనీ, తెలిసి ఊరుకున్న డైరెక్టర్నీ కూడా లాగారు. అయినా విదేశీ అధికారి అందులోకి రాలేదు. ఆ పని కోసమే 2011లో లోక్‌సభలో వేరే బిల్లు పెట్టారు. సభ రద్దవడంతో 2014లో అది మురిగిపోయింది. ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందాన్ని మనం ఆమోదించింది కూడా ఆ 2011లోనే. ఒప్పుకున్నాం గానీ ఇంట్లో చట్టం చేసుకోలేదు.

కానీ మీ చేతిలో ఉన్న కాగితం విదేశీ అధికారి గురించి కాదు కదమ్మా. బ్యాంకుకిచ్చే ప్రకటన అది. చెయ్యని సర్వేకి డబ్బు పంపుతున్నామని రాస్తే విదేశీ మారకపు చట్టం ఫెమా కింద తప్పుడు ప్రకటన అవుతుంది. పుస్తకాల్లో అలాగే రాస్తే కంపెనీల చట్టంలో మోసం సెక్షన్లున్నాయి. ఆదాయపన్నులో ఆ ఖర్చు చూపించడానికీ లేదు. విదేశంలో నేరమైన పనికి పెట్టిన ఖర్చుకి కూడా మినహాయింపు ఉండదని 2022 ఆర్థిక చట్టంలో తేల్చి చెప్పారు. ఇవన్నీ మన చట్టాలే. వీటిలో పేరు ఎవరిది ఉంటుంది? "సర్వే" అని రాసి సంతకం పెట్టినవాళ్ళది. ఎండీ గారు మీకు మెయిల్ పెట్టారా, నోటితో చెప్పారా? రాయలేదు మీరు. నోటితోనే అయుంటుంది.

జర్మనీలో సీమెన్స్ కంపెనీ కథ మీకు తెలిసే ఉంటుంది. అక్కడ 1999 దాకా విదేశీ అధికారులకిచ్చే లంచాన్ని పన్నులో ఖర్చుగా చూపించుకోవచ్చు, చట్టబద్ధంగానే! చట్టం మారింది, అలవాటు మారలేదు. విచారణలో బయటపడిందేంటంటే, చెల్లింపు కాగితాల మీద పెద్దలు నేరుగా సంతకం పెట్టేవాళ్ళు కాదు. ఊడదీసే పసుపు చీటీల మీద సంతకం పెట్టి అంటించేవాళ్ళు. పని అయ్యాక చీటీ పీకేస్తే కాగితం మీద ఎవరి పేరూ ఉండదు. 2008 డిసెంబర్‌లో అమెరికా, జర్మనీలకి కలిపి సుమారు 160 కోట్ల డాలర్లు కట్టింది ఆ కంపెనీ. ఆ రహస్య సొమ్ము లెక్క చూసిన మధ్యస్థాయి ఉద్యోగికి అదే ఏడు మ్యూనిక్ కోర్టు శిక్ష వేసింది. రెండేళ్ళ శిక్షని సస్పెండ్ చేశారు, జరిమానా మాత్రం కట్టాడు. తన జేబులో వేసుకున్నాడని కాదు, పై నుంచి వచ్చిన పని చేశాడంతే. మీ కంపెనీలో పసుపు చీటీల అవసరం కూడా లేదు. మీరున్నారు.

ట్రంప్ సంగతి. విదేశీ అధికారులకి లంచమివ్వకూడదన్న అమెరికా చట్టం 1977 నాటిది. వాటర్‌గేట్ గొడవ తవ్వుతుంటే నాలుగు వందలకి పైగా కంపెనీలు అనుమానపు చెల్లింపులు చేశామని ఒప్పుకున్నాయి. లాక్‌హీడ్ విమానాల లంచం కేసులో జపాన్ మాజీ ప్రధాని తనాకా 1976లో అరెస్టయ్యారు. ఆ వేడిలో వచ్చిన చట్టం అది. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ దాని అమలుని కొంతకాలం ఆపమన్నారు. జూన్‌లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చి మళ్ళీ కదిలించారు. చట్టం మాత్రం రద్దు కాలేదు. అటు అమెరికా మెత్తబడగానే ఇటు బ్రిటన్, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ 2025 మార్చిలో కలిసి ఒక దర్యాప్తు బృందం పెట్టుకున్నాయి. ఒక ఇంట్లో టార్చి ఆర్పితే పక్కింటివాళ్ళు లైటేసినట్టు.

అమెరికా కోర్టు మనదాకా రాదనుకోవద్దు. మన రాష్ట్రపు తీరంలో టైటానియం ఖనిజం తవ్వకాల అనుమతుల కోసం 1.85 కోట్ల డాలర్ల లంచం అనుకున్నారంటూ 2014లో చికాగోలో నేరారోపణ పత్రం బయటపెట్టారు. గుర్తుందా? అవి ఆరోపణలే, నిజానిజాలు విచారణలో తేలలేదు. కానీ మన ఇసుక మీద కేసు చికాగోలో నడవగలదని అప్పుడు చాలామందికి మొదటిసారి తెలిసింది. డాలర్లలో పంపే డబ్బు చాలావరకు అమెరికా బ్యాంకుల గుండా పోతుంది. ఆ ఒక్క దారం పట్టుకుని రావచ్చు.

మీరు చివర్లో "అదీ రాయాలనిపించింది" అన్న ఇంగ్లండ్ ఆఫీసే అన్నిటికన్నా పెద్ద విషయం. బ్రిటన్ లంచాల చట్టం 2010లో వచ్చి, 2011 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అక్కడ వ్యాపారం నడిపే కంపెనీ తరఫున ఎవరైనా, ఏ దేశంలోనైనా లంచం ఇస్తే, "ఆపలేకపోయావు" అన్నదే కంపెనీ చేసిన నేరం అవుతుంది. ఎండీకి తెలుసా లేదా అన్నది కూడా అడగరు. ఏజెంటు ఇచ్చినా మీరిచ్చినట్టే. తప్పించుకునే దారి ఒక్కటే, ఇలాంటివి జరక్కుండా ముందే గట్టి ఏర్పాట్లు చేసుకున్నామని చూపించుకోవడం. పైగా అమెరికా చట్టంలో మామూలు పని త్వరగా జరగడానికిచ్చే చిన్న మొత్తాలకి సన్నని మినహాయింపు ఉంది, బ్రిటన్ చట్టంలో అదీ లేదు. ఆ రెండు వేల డాలర్లకి కూడా మాఫీ లేదన్నమాట. మీ ఆఫీసుకి ఇది ఎంతవరకు వర్తిస్తుందో అక్కడి లాయరు చెప్పాలి. ఆ లాయరుని ఎండీ గారే అడిగితే బావుంటుంది. ఆ ఫీజుకి బిల్లు వస్తుంది.

ఇప్పుడు ఆ 11 శాతం. అభివృద్ధి చెందిన దేశాల కూటమి ఓఈసీడీ, తేలిపోయిన 427 విదేశీ లంచం కేసుల్ని తీసుకుని 2014లో ఒక నివేదిక వేసింది. లంచం సగటున ఒప్పందం విలువలో 10.9 శాతం. నాలుగింట మూడు కేసుల్లో మధ్యవర్తి ఉన్నాడు. మీ ఏజెంటు ఆ నివేదిక చదివాడని కాదు, మార్కెట్ రేటు అతనికీ తెలుసంతే. మూడు శాతం అతని కష్టానికైతే మిగతా ఎనిమిది ఎవరి కష్టానికి? మూడో దేశం ఖాతా ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకి కాగితం మీద జవాబు రాకపోతే అది కమీషన్ కాదు. నిజమైన ఏజెంటుకి ఈ ప్రశ్నలతో కోపం రాదు. వస్తే, మీకు కావాల్సిన జవాబు వచ్చినట్టే.

ఈ లంచాన్ని రేవులో ఆపలేం అని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మైనస్ 18లో ఉండాల్సిన కోటి రూపాయల సరుకు, రోజూ ప్లగ్ ఛార్జీ (ఫ్రీజర్ కరెంటుకి), డెమరేజి (ఆలస్యానికి కట్టేది) ఎక్కుతుంటే ఎంత నిజాయితీపరుడైనా మెత్తబడతాడు. అధికారికి కావలసింది మన తొందరే. ఆ తొందరని మనం ఇక్కడే, విశాఖలోనే, నెల ముందే తయారుచేసి పంపుతాం. కాగితాలు ఆఖరి రోజు రాత్రి కొడతాం. దిగుమతి క్లియరెన్సు కూడా మా బాధ్యతే అని ఆర్డరు కోసం డీడీపీకి (సుంకాలు కూడా మనమే కట్టి సరుకు చేర్చే పద్ధతికి) ఒప్పుకుంటాం. ఛార్జీ లేకుండా కంటైనర్ ఉంచుకునే ఫ్రీ డేస్ ఎన్నో షిప్పింగ్ లైనుని అడగం. పండగ ముందు వారం దిగేలా బుక్ చేస్తాం. లంచానికి బేరం అక్కడే మొదలవుతుంది. అడిగేవాడు అక్కడుంటాడంతే.

కాబట్టి తర్వాతి కంటైనర్ నుంచి మార్చాల్సింది ఆఫీసులో. కొత్త దేశానికి డీడీపీ వద్దు. సీఎఫ్ఆరో (అక్కడి రేవు దాకా ఓడ కిరాయి మనది) సీఐఎఫ్ఓ (కిరాయితో పాటు బీమా కూడా మనది) పెట్టి, దిగుమతి క్లియరెన్సు కొనుగోలుదారు చూసుకునేలా రాయించండి. అప్పుడు లంచం ఆయనిస్తాడు కదా అంటారేమో. ఇస్తాడేమో. మీరు తెలిసి, ఆ డబ్బు ధరలో కలిపిస్తే మాత్రం అది మీదే. కానీ సొంత ఊళ్ళో సొంత సరుకు విడిపించుకునేవాడికి తలుపులు తెలుసు, భాష తెలుసు, పై అధికారి గది తెలుసు. కంటైనర్ ఎక్కకముందే కాగితాల డ్రాఫ్టులు పంపి, అక్కడి కస్టమ్స్ బ్రోకర్‌తో "సరే" అని మెయిల్ తెప్పించుకోండి. ఫ్రీ డేస్ ఒప్పందంలోనే ఎక్కువ అడగండి, సీజన్ కాకపోతే లైన్లు ఇస్తాయి. ఏజెంటుతో ఒప్పందంలో కమీషన్ అతని పేరు మీద, అతని దేశంలో, అతని ఖాతాకే, అదీ కొనుగోలుదారు డబ్బు వచ్చాకే అని రాయండి. ప్రభుత్వ కొనుగోళ్ళ మనుషులతో చుట్టరికం ఉందా అని రాతపూర్వకంగా అడగండి. లంచమిస్తే ఒప్పందం రద్దు అన్న వాక్యం అందరూ పెడతారు. లెక్కలు చూసే హక్కు మాకుంది అన్న వాక్యం ఎవరూ పెట్టరు, అది పెట్టండి.

ఇప్పుడు ఆగిన కంటైనర్ సంగతి. ఎందుకు ఆపారో రాతలో ఇమ్మని కొనుగోలుదారుతోనే అడిగించండి. అభ్యంతరం నిజమైతే ఇక్కడి ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ నుంచి సవరించిన సర్టిఫికెట్ తెప్పించుకోవచ్చు. త్వరగా చేయడానికి అధికారిక ఫీజు ఉంటే కట్టేయండి. సర్కారు ఖజానాకి పోయి, రసీదు వచ్చేది లంచం కాదు. అక్కడి మన ఎంబసీలో వాణిజ్య విభాగం ఉంటుంది, వాళ్ళకి కంటైనర్ నంబరుతో మెయిల్ పెట్టండి. ఆ మెయిల్ కాపీ ఏజెంటుకి వెళ్తే ఒక్కోసారి అదే తాళం తీస్తుంది. ఎవరినైనా నిర్బంధించారు, ప్రాణానికి ముప్పుంది అంటే అది వేరే సంగతి, ఇచ్చి బయటపడి, ఉన్నదున్నట్టు రాసుకోవాలి. మీది ఆ పరిస్థితి కాదు. వెనక్కి తెప్పిస్తే ఎంత, దగ్గరి ఇంకో రేవుకి మళ్ళిస్తే ఎంత అన్న లెక్క కూడా ఎండీ గారి టేబుల్ మీద పెట్టండి. నష్టం రావచ్చు, రాదని నేను చెప్పను.

ఒంటరిగా కాదనడం కష్టమే. మన ఊళ్ళో షిప్పుల మీద పనిచేసినవాళ్ళని అడగండి, సూయజ్ కాలువని "మార్ల్‌బరో కెనాల్" అనేవాళ్ళు. పైలట్‌కి సిగరెట్ డబ్బాలివ్వందే ఓడ కదిలేది కాదట. 2011లో షిప్పింగ్ కంపెనీలు అవినీతికి వ్యతిరేకంగా ఒక నెట్‌వర్క్‌గా ఏర్పడి, తర్వాత ఆ కాలువలో అందరూ ఒకేసారి "ఇవ్వం" అనడం మొదలుపెట్టాయి. రొయ్యల ఎగుమతిదారులకీ సంఘముంది. ఆ దేశానికి పంపుతున్నది మీ ఒక్కరే కాదు కదా.

ఎండీ గారితో మాట. ఆయన చేసిన మేలు మరవొద్దు. ఆ రెండు లక్షలు అప్పయితే వాయిదాల్లో తీర్చేయండి, ఈ సంతకంతో మాత్రం తీర్చొద్దు. నీతి చెప్పకండి, ఆయనకన్నా మీరు మంచివారన్నట్టు వినిపిస్తుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక, గదిలో ఎవరూ లేనప్పుడు వెళ్ళి, "సార్, ఈ కాగితం రేపు మిమ్మల్ని అడిగితే నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు" అనండి. "నేను చెయ్యను" అనే మాటకన్నా ఇది ఆయనకి చప్పున తగులుతుంది. ఆ సాయంత్రమే మెయిల్ పెట్టండి. ఇంత చాలు: "సార్, ఏజెంటు చేసిన పని వివరం, బిల్లు, మూడో దేశపు ఖాతా ఎవరిదన్న ధ్రువీకరణ రాగానే చెల్లింపు కాగితాలు తయారు చేస్తాను. అవి లేకుండా బ్యాంకు ఫారంలో కారణం రాయలేకపోతున్నాను. కంటైనర్ విషయంలో ప్రత్యామ్నాయాల లెక్క జతచేశాను." లంచం అన్న మాట ఎక్కడా రాయక్కర్లేదు.

ఆయన కోప్పడి వేరే ఎవరితోనైనా సంతకం పెట్టించుకుంటే? అది జరగొచ్చు. అప్పుడు మీ మెయిల్ మీకు ఉంటుంది. ఆ వాయిస్ మెసేజ్ చెరపకండి. మీ కంపెనీకి బ్యాంకు అప్పులు 50 కోట్లు దాటి ఉంటే, ఉద్యోగులు ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు ఉండి తీరాలని కంపెనీల చట్టం చెప్తుంది. ప్యాకింగ్ క్రెడిట్‌తో (ఎగుమతికి ముందు బ్యాంకిచ్చే అప్పుతో) నడిచే మన కంపెనీలు చాలావాటికి ఆ గీత పెద్ద దూరం కాదు. లేకపోతే ప్రైవేటు ఉద్యోగికి మన దగ్గర రక్షణ తక్కువే, అబద్ధం చెప్పను. మరో ఉద్యోగం చూసుకోవాల్సి వస్తే, పదకొండేళ్ళు డాక్యుమెంటేషన్ చేసిన మనిషికి దువ్వాడ నుంచి పరవాడ దాకా పని దొరుకుతుంది.

ఇంకొకటి మర్చిపోయాను. రేపు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళగానే ఆ కంటైనర్ ఫైలు తీసి, హెల్త్ సర్టిఫికెట్‌లో రొయ్య పేరు, గ్లేజ్ (రొయ్య మీది మంచు పొర) పోను నికర బరువు ప్యాకింగ్ లిస్టుతో సరిపోయాయో లేదో ఒకసారి చూడండి.